జీవామృతం మోసే పాత జిప్సీ: ఏం చూసుకోవాలి, ఏం మార్చాలి, ఎప్పుడు వదిలేయాలి



మన వీడియోల్లో వెనకాల కనిపించే ఆకుపచ్చ జిప్సీ గురించి చాలామంది అడుగుతున్నారు. "అన్నా, అంత పాత బండి ఎట్ల నడుపుతాండావు?", "నేనూ ఒకటి కొనాలనుకుంటాండా, ఏం చూడాల?" అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పడం కష్టం. అందుకే ఈసారి కషాయాలు, ఘన జీవామృతం పక్కనపెట్టి బండి గురించి రాస్తున్నాను. పనిముట్టు కూడా సేద్యంలో భాగమే కదా.

నాది 2004 మోడల్ జిప్సీ కింగ్, పెట్రోలు. ప్రొద్దుటూరులో మా గానుగ నూనె, చిరుధాన్యాల షెడ్డు. జమ్మలమడుగు వైపు రేగడిలో శనగ, కొర్ర. పులివెందుల వైపు ఎర్ర నేలలో చీనీ తోట. ఈ మూడు చోట్ల మధ్య తిరిగే బండికి మూడు రకాల కష్టాలుంటాయి. ఒకచోట జిగట బురద, ఇంకోచోట గుండ్రాళ్లు, మధ్యలో ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి, సిమెంటు దుమ్ము. దానికి తోడు వెనకాల పంచితం క్యాన్లు. నేను చెప్పేదంతా ఈ వాడకం నుంచి వచ్చిందే.

ముందుగా ఒక్క మాట. మన పనిలో జిప్సీని చంపేది ఇంజను కాదు. తుప్పు, కింద ఇరుసుల్లోకి దూరే నీళ్లు, ఫోర్ వీల్ గేరును తప్పుగా వాడటం. ఈ మూడూ చూసుకుంటే ఇంజను తన పని తాను చేసుకుపోతుంది. కానీ చాలామంది బండి కొనగానే పెద్ద టైర్లు, లైట్లు, హారన్లకు డబ్బు పెడతారు. కింద పడుకుని ఒక్కసారి కూడా చూడరు.

అసలు ఈ బండి ఏంటి

జిప్సీ మన దేశంలో 1985లో వచ్చింది. మొదట 970 సీసీ ఇంజను. 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో కార్బురేటర్ తీసేసి 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజను పెట్టారు. 2019లో మామూలు జనానికి అమ్మకం ఆగింది.

కింద గట్టి చాసిస్, ముందూ వెనకా గట్టి ఇరుసులు, నాలుగు వైపులా కమాను పట్టీలు. ట్రాక్టరు విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కుకు ఇందులో అర్థం కానిది పెద్దగా ఉండదు. బండి బరువు టన్నుకు కొంచెం తక్కువ. అందుకే బరువైన జీపు దిగబడే చోట కూడా ఇది తేలిగ్గా పోతుంది. ఇంజను ఎస్టీమ్ కారు ఇంజను కుటుంబానిదే కాబట్టి ఆ వైపు సామాన్లకు పెద్ద ఇబ్బంది లేదు. బాడీ సామాన్లు, ముందు ఇరుసు సామాన్లు మాత్రం ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి. ప్రొద్దుటూరులో ఈరోజు అడిగితే ఈరోజే దొరుకుతాయని అనుకోవద్దు. ఆయిల్ సీళ్లు, ఒక సెట్టు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, ఫ్యాన్ బెల్టు, పెట్రోలు ఫిల్టరు ఇంట్లో పెట్టుకోండి.

1. తుప్పు: మన పంచితమే మొదటి శత్రువు

మామూలు వాడకంలో కంటే మన దగ్గర జిప్సీకి తుప్పు తొందరగా పడుతుంది. ఆవు మూత్రంలో లవణాలుంటాయి, నిలవ ఉంటే అమ్మోనియా పుడుతుంది. క్యాను మూత సందులోంచి రెండు చుక్కలు కారినా మ్యాటు కిందికి పోయి అక్కడే ఉంటాయి. పైన మ్యాటు ఎండిపోయినట్టు కనిపిస్తుంది, కింద రేకు తినేస్తూ ఉంటుంది. అదే తడి వైర్ల చివర్లకు, ఎర్తు బోల్టులకు తగిలితే వెనక లైట్లు వెలగవు.

మనం చేయగలిగినవి ఇవి:

- వెనక మ్యాటు అతికించొద్దు. తీసి కడిగేలా వదులుగా వేయండి.
- క్యాన్ల కింద అంచులున్న ప్లాస్టిక్ ట్రే పెట్టండి. కారినా అందులోనే ఉంటుంది.
- పంచితం మోసిన రోజే మంచి నీళ్లతో కడగండి. రేపు చూద్దాంలే అనుకుంటే రేకు ఆగదు.
- నేల రేకుకు ఉన్న రబ్బరు బిరడాలు తీసి నీళ్లు పోనివ్వండి. ఆరాక మళ్లీ పెట్టండి.
- ఏడాదికి ఒకసారి ఎండాకాలంలో కింద తుప్పు గీకి, ప్రైమరు కొట్టి, అండర్ కోటింగు వేయించండి. తడి మీద, తుప్పు మీద కోటింగు వేస్తే తుప్పును లోపల మూసిపెట్టినట్టే.

చాసిస్ ఎక్కడ చూడాలి? వెనక కమాను పట్టీలు చాసిస్‌కు తగిలే చోట, బాడీ కూర్చునే రబ్బర్ల దగ్గర, వెనక చక్రాల ముందు వైపు. చిన్న సుత్తి తీసుకుని తట్టుకుంటూ పొండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. పుచ్చిన చోట పుచ్చకాయ మీద తట్టినట్టు మొద్దు శబ్దం వస్తుంది. వీడియోలో ఈ రెండు శబ్దాలూ పక్కపక్కనే వినిపించాను.

2. డ్రమ్ము బరువు: ఇది ప్రాణాల విషయం

200 లీటర్ల జీవామృతం డ్రమ్ము అంటే 200 కిలోల పైమాటే. దానికి ముగ్గురు మనుషులు కలిస్తే 400 కిలోలు. అంతకంటే ముఖ్యం, డ్రమ్ము సగం ఖాళీగా ఉంటే లోపల ద్రవం ఊగుతుంది. జిప్సీ సన్నటి బండి, ఎత్తు ఎక్కువ. మలుపులో ద్రవమంతా ఒక పక్కకు వచ్చి బండిని అదే పక్కకు తోస్తుంది.

అందుకే నేను నిలువు డ్రమ్ము పెట్టను. 50 లీటర్ల క్యాన్లు నాలుగు, ఇరుసుకు వీలైనంత ముందుగా, నేల మీద ఆనించి, పట్టీలతో కడతాను. నిండుగా ఉన్న క్యాను ఊగదు. మూత గట్టిగా బిగించొద్దు, జీవామృతం పులుస్తూ ఉంటుంది, గ్యాసు పోవడానికి దారి ఉండాలి. డ్రమ్ము పొలంలోనే పెట్టుకుని, పేడ, పంచితం, బెల్లం, పిండి మాత్రం బండిలో తీసుకుపోయి అక్కడే కలుపుకుంటే ఇంకా మేలు. నీళ్లు మోసే బరువు తప్పుతుంది.

3. ఫోర్ వీల్ గేరు: ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి

జిప్సీలో ఫోర్ వీల్ ఎప్పుడూ ఉండేది కాదు, కావాల్సినప్పుడు వేసుకునేది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఈ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఇందులో లేదు. మట్టిలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు. ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులు, క్రాసుల మీద పడుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది, గేరు కర్ర వెనక్కి రాదు.

కాబట్టి ఎండు తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దు. పొలం దారి దాటి రోడ్డెక్కగానే తీసేయండి. రాకపోతే బలవంతంగా లాగకుండా, బండిని నాలుగు అడుగులు తిన్నగా వెనక్కి తీసి మళ్లీ ప్రయత్నించండి, వచ్చేస్తుంది. లో రేంజి వేయాలంటే బండి పూర్తిగా ఆపి, క్లచ్చు తొక్కి వేయాలి. ముందు చక్రాల మధ్యలో తిప్పే హబ్బులున్న బండి అయితే, బురదలో దిగాక కాదు, దిగకముందే రెండూ లాక్ చేసుకోండి.

ఇంకో సంగతి. నాలుగు టైర్లూ ఒకే సైజు ఉండాలి. ముందు కొత్తవి, వెనక నున్నగా అరిగినవి ఉంటే తిన్నగా పోయేటప్పుడు కూడా పైన చెప్పిన బిగువే వస్తుంది. కింగ్‌కు కంపెనీ సైజు 205/70 ఆర్15. అంతకంటే బాగా పెద్దవి వేస్తే బ్రేకులకు, ముందు బేరింగులకు, స్టీరింగు జాయింట్లకు అదనపు భారం.

రేగడిలో దిగబడితే యాక్సిలేటరు తొక్కి చక్రం తిప్పొద్దు. ఎంత తిప్పితే అంత లోపలికి పోతుంది. దిగి, చక్రాల ముందు మట్టి తీసి, కంప గానీ పాత గోనెసంచులు గానీ పరిచి, టైర్లలో కొంచెం గాలి తగ్గించి, లో రేంజి రెండో గేరులో నిదానంగా రండి. రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి.

4. ఇరుసులు: మూడు రూపాయల పనికి ముప్పై రూపాయల నష్టం

వాన పడి వంకలు పారేటప్పుడు మనం ఆలోచించకుండా దాటేస్తాం. దూరం నుంచి వచ్చిన బండి ఇరుసు వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ ఖాళీలోకి గాలి రావడానికి ఇరుసు మీద చిన్న బ్రీదరు ఉంటుంది. అది రేగడి మట్టితో మూసుకుపోయి ఉంటే, ఆయిల్ సీళ్ల సందులోంచి నీళ్లనే లోపలికి పీలుస్తుంది. నీళ్లు కలిసిన ఆయిలుతో నాలుగు నెలలు తిరిగితే డిఫరెన్షియల్ పళ్లు, బేరింగులు పోతాయి. రిపేరు ఖర్చులన్నింట్లో పెద్దది అదే.

దాటేముందు కాసేపు ఆగండి, ఇరుసు కొంత చల్లారుతుంది. దాటిన మరుసటి రోజు ఇరుసు ఫిల్లరు బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. అదే రోజు మార్పించండి. బ్రీదరు వారానికోసారి చేత్తో తిప్పి శుభ్రం చేయండి. దానికి గొట్టం తగిలించి ఎత్తుగా ఇంజను గదిలోకి తెచ్చుకుంటే ఇంకా మంచిది.

ఆయిలు ఎంత పోయాలని అడుగుతుంటారు. చదునైన నేల మీద బండి పెట్టి, ఫిల్లరు రంధ్రం అంచు దాకా వచ్చేంత. అంతే. ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ఈ నాలుగూ వేర్వేరు. గేరు బాక్సులో పోస్తే ట్రాన్స్‌ఫర్ కేసుకు పోదు. మెకానిక్కుతో "నాలుగు చోట్లా చూశావా?" అని అడగండి. ఇంకో చిట్కా: కింది బోల్టు విప్పే ముందు పై ఫిల్లరు బోల్టు వదులవుతుందో లేదో చూడండి. ఉన్న ఆయిలు దింపేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టులు మూడు. గేరు బాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకు ఒకటి, అక్కడి నుంచి ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి. నిప్పిళ్లున్న ప్రతి చోటా గ్రీజు కొట్టండి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా. క్లచ్చు వదలగానే కింద "టక్" మంటే క్రాసు అరిగినట్టు.

5. స్టీరింగు వణుకు: ఒక్కొక్కటే చూడండి

పాత జిప్సీల్లో ఎక్కువగా వినిపించే మాట, "60 దాటితే స్టీరింగు ఊగిపోతాంది" అని. వెంటనే డ్యాంపరు మార్చేస్తారు. వణుకు కొన్నాళ్లు దాక్కుంటుంది, పోదు. వరుసగా ఇలా చూడండి:

- ముందు చక్రం లోపలి వైపు రేగడి గడ్డ కట్టిందేమో చూడండి. మన దగ్గర చాలాసార్లు ఇదే. కర్రతో గీకి కడిగితే వణుకు పోతుంది.
- గాలి సమానంగా ఉందా, బ్యాలెన్సింగు సరిగా ఉందా.
- బండి జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఆట పోతే అది చక్రం బేరింగు. ఇంకా ఆడుతుంటే కింగ్‌పిన్ బేరింగు.
- చక్రాలు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగు అటూఇటూ కొంచెం తిప్పుతుంటే, కింద టై రాడ్ చివర్లు చూడండి. రాడ్డు కదిలి చక్రం కదలకపోతే ఆ జాయింటు పోయినట్టు.
- కమాను పట్టీల యూ బోల్టులు, షాకిల్ బుష్షులు బిగువుగా ఉన్నాయా. బరువు మోసే బండికి ఇవి వదులవుతాయి.
- ఇవన్నీ బాగుంటేనే డ్యాంపరు.

ముందు చక్రం వెనక గుండ్రటి నకిల్ నుంచి ఆయిలు కారి టైరు లోపలి వైపు తడిగా ఉంటే, ఇరుసు లోపలి సీలు పోయి ఆయిలు గ్రీజులో కలుస్తోందని అర్థం. పైన తుడిచేసి వదిలేయొద్దు. విప్పి సీళ్లు, ఫెల్టు రింగు మార్చి కొత్త గ్రీజు పెట్టించాలి. ఎటూ విప్పుతారు కాబట్టి కింగ్‌పిన్ బేరింగులూ అప్పుడే చూపించండి, రెండోసారి కూలీ ఇవ్వాల్సిన పని ఉండదు.

జాగ్రత్త: ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు. స్టాండు పెట్టండి, లేదా మందమైన చెక్క దిమ్మెలు పెట్టండి.

6. వేడి, దుమ్ము, పెట్రోలు

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. టీ గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది అదే. రేడియేటర్లో ఆ నీళ్లే పోస్తే లోపల గొట్టాల్లోనూ అలాగే పొర కడుతుంది. మే నెలలో పులివెందుల ఎండలో ముల్లు పైకి లేస్తుంది. కూలెంటు, బ్యాటరీకి పోసే శుద్ధి చేసిన నీళ్లు మాత్రమే వాడండి. శనగ నూర్చేటప్పుడు పొట్టు రేడియేటరు రెక్కల్లో ఇరుక్కుంటుంది. ఇంజను వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో కడగండి. ప్రెషరు గన్ను పెడితే రెక్కలు వంగిపోతాయి. వాటర్ పంపును తిప్పేది ఫ్యాన్ బెల్టే, పగుళ్లుంటే మార్చేయండి.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పాత ఓనరు చెప్పలేకపోతే, మార్చలేదనే లెక్క. కొన్న వారంలోనే కొత్తది వేయించండి. అది తెగితే బండి ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది.

ఎయిర్ ఫిల్టరును కంప్రెసరుతో ఎన్నిసార్లో ఊదించి వాడొద్దు. నాపరాయి దుమ్ము పిండిలాగా ఉంటుంది, చిరిగిన ఫిల్టరు దాటి పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. చెరకు, మొక్కజొన్న రైతుకు అది మంచిదే కావచ్చు. మన పాత బండ్లు మాత్రం దాని కోసం చేసినవి కావు. మైలేజీ కొంచెం తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి పగులుతాయి. ఇథనాల్ తేమను పీలుస్తుంది, నెలల తరబడి నిలవ ఉంటే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ట్యాంకు నుంచి ఇంజను దాకా గొట్టాలన్నీ ఈ20కి పనికొచ్చేవి వేయించండి, క్లిప్పులు కొత్తవి పెట్టండి. పెట్రోలు వాసన వస్తే "పాత బండి అంతే" అనుకోవద్దు. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే బండి, మనిషి రెండూ దక్కవు.

బ్రేకులు ముందు డిస్కు, వెనక డ్రమ్ము. బురదలో తిరిగాక డ్రమ్ముల్లో మట్టి చేరి లైనర్లను తినేస్తుంది. ప్రతి రబీకి ముందు డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించండి. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చాలి.

7. కాగితాలు

ప్రైవేటు బండికి 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఐదేళ్లకోసారి. కారుకు ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. దీనికి గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అదనం. కట్టేముందు ఆ రోజుకు ఎంతుందో చూసుకోండి.

వేలంలో చవకగా వస్తోందని ప్రభుత్వ జిప్సీ కొనేవాళ్లు ఇంకో విషయం చూడాలి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది, అవి తుక్కుకు పోవాల్సినవే. ఆర్‌సీ మీ పేరుకు మారుతుందని రూఢి అయ్యాకే డబ్బివ్వండి. డీజిల్ ఇంజను ఎక్కించిన జిప్సీలు కూడా అమ్మకానికి వస్తుంటాయి. ఆర్‌సీలో ఉన్న ఇంధనం, ఇంజను నంబరు బండిలో ఉన్నదానితో కలవకపోతే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

ఎప్పుడు వదిలేయాలి

ఇంజను పోతే చేయించొచ్చు. గేరు బాక్సు పోతే చేయించొచ్చు. నేల రేకు పోతే కొత్త రేకు అతికించొచ్చు. కానీ కమాను పట్టీలు పట్టుకునే చోట చాసిస్ పుచ్చి, సుత్తి దెబ్బకు పొరలుగా రాలుతుంటే మాత్రం ఆశ వదులుకోండి. పైన ప్యాచీ వేసి వెల్డింగు చేస్తే బయటికి బాగుంటుంది, బరువుతో గుంటలో పడిన రోజు ఊడిపోతుంది. అలాంటి బండిలో మన పిల్లలను, కూలీలను ఎక్కించకూడదు. గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రంలో ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి.

చాసిస్ గట్టిగా ఉంటే మాత్రం తొందరపడి అమ్మొద్దు. కొత్త ఫోర్ వీల్ బండికి నెలనెలా కట్టే కంతు మన పంట నెలనెలా ఇవ్వదు. ఒక ఏడాది వాన తప్పినా కంతు తప్పదు. పాత బండి ఖర్చు మన చేతిలో ఉంటుంది. ఈ నెల సీళ్లు, వచ్చే పంటకు టైర్లు, ఇలా మన వీలును బట్టి పెట్టుకోవచ్చు. బ్రేకు, స్టీరింగు పని మాత్రం వాయిదా వేయకూడదు.

గోడకు అంటించుకోవడానికి చిన్న లెక్క:

- రోజూ: కూలెంటు, ఇంజను ఆయిలు, బండి కింద నేల మీద మరకలు.
- వారానికి: టైర్ల గాలి, బ్రీదర్లు, బ్రేకు ఆయిలు మట్టం, వెనక నేల రేకు కడగడం.
- నెలకు: షాఫ్టులకు గ్రీజు, యూ బోల్టులు, ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ ఎర్తు.
- వంక దాటిన మరుసటి రోజు: రెండు ఇరుసుల ఆయిలు రంగు.
- మే నెలలో: తుప్పు పని, కూలెంటు, గొట్టాలు, బెల్టులు.
- సెప్టెంబరు చివర, శనగ విత్తనానికి ముందు: బ్రేకు డ్రమ్ములు, నకిల్ సీళ్లు, నాలుగు చోట్లా గేరు ఆయిలు.

ఆయిలు ఎప్పుడు మార్చారు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర అన్నది ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. పంట ఖర్చులు రాసే పుస్తకంలోనే వెనక రెండు పేజీలు చాలు. బండి అమ్మే రోజు వస్తే, ఆ రెండు పేజీలకు కూడా విలువ ఉంటుంది.

సుత్తితో తట్టడం, చక్రం ఊపి చూడటం, ఇరుసు ఆయిలు రంగు చూడటం, ఈ మూడూ వీడియోలో నిదానంగా చూపించాను. ఈ ఆదివారం ఒక గంట పెట్టి మీ బండి కింద కూడా ఇవే చూడండి. మరుసటి వీడియోలో మళ్లీ మన చీనీ తోటలోకి పోదాం.